సాంబ్రాణి తెరచాపలు

సలాలా సనయ్యాలో, అంటే వర్క్‌షాపులన్నీ గుంపుగా ఉన్న పేటలో, టైర్ల దుకాణాల వెనక వీధిలో ఒక టార్పాలిన్ల షాపు ఉంది. లారీలకు కప్పులు, అరటితోటలకు నీడ తెరలు, ఖరీఫ్ అని పిలిచే ఇక్కడి వానాకాలపు జల్లులు చూడ్డానికి వచ్చే జనం కొండల మీద వేసుకునే టెంట్లు, అన్నీ అక్కడ కుడతారు. కుట్టేది ఒక్కడే. పేరు పెద్దులు, వయసు యాభై మూడు, ఊరు జగిత్యాల పక్కన. ఒమాన్‌కు వచ్చింది కాంక్రీటు పనికి. వచ్చిన మూడో నెలలో సైట్ మీది టార్పాలిన్ గాలికి చిరిగితే, ఎవరూ చెప్పకుండానే దబ్బనం పట్టుకుని కూర్చుని కుట్టాడు. ఇరవై ఆరేళ్లయింది, ఇంకా కుడుతూనే ఉన్నాడు.

ఆయనకు ఎవరూ నేర్పలేదు. పాత కుట్లు విప్పి, అవి ఎలా వేశారో చూసి నేర్చుకున్నాడు. ఆయనకున్న గొప్ప ఒక్కటే. తాను వేసిన కుట్టు ఊడి షాపుకు తిరిగి రాలేదు. గుడ్డ చిరిగి వచ్చింది, ఎలుకలు కొరికి వచ్చింది, ఒకసారి ఒంటె సగం నమిలి వచ్చింది. కుట్టు మాత్రం ఊడి రాలేదు.

దానికి కారణం దారం. చేతికుట్టు దారానికి మైనం పట్టించాలి, లేకపోతే నీళ్లు పీల్చి కుళ్లిపోతుంది. కానీ సలాలా ఎండకు తేనెమైనం కరిగి కారిపోతుంది. పెద్దులు చాలా ఏళ్లు తంటాలు పడి ఒక మందు కనిపెట్టాడు. లుబాన్ సాంబ్రాణి ఇక్కడి కొండల్లో చెట్లకు కారే బంక. బజారులో మంచి ముక్కలు ఏరుకున్నాక అడుగున మిగిలే పొడిని తెచ్చి, తేనెమైనంలో వేసి డబ్బాలో కాస్తాడు. ఆ మైనం ఎండకు కారదు. పైగా వాసన బాగుంటుంది. లారీ కప్పు కొన్నవాడు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని మరీ తీసుకెళ్తాడు.

షాపు ముందు కౌంటర్ దగ్గర కూర్చునేది ఖమరుద్దీన్, కడప మనిషి. మాట్లాడటం ఆయన పని. పెద్దులు ఒక టెంటు కుట్టేలోపు ఆయన దాని గురించి మూడు టెంట్లకు సరిపడా చెప్పగలడు.

పోయిన ఏడాది అక్టోబరులో, ఖరీఫ్ మబ్బులు వెళ్లిపోయి ఎండ మళ్లీ ముదిరిన రోజుల్లో, సలాలా రేవుకు మూడు కొయ్యల తెరచాప ఓడ ఒకటి వచ్చింది. కొచ్చిన్ నుంచి వస్తూ తుఫానులో చిక్కి ఆరు తెరచాపలు పాడు చేసుకుంది. తెరచాపలు కుట్టే మనిషి మణికట్టు విరిగి విమానంలో ఇంటికి పోయాడు. ఓడ వెళ్లాల్సింది కేప్‌టౌన్ మీదుగా దక్షిణ ధ్రువం వైపు, మంచు సముద్రంలోకి. దానికి ఇంజిన్ ఉంది. ఉండీ వాడకపోవడమే ఆ యాత్ర గొప్ప.

కెప్టెన్ ఆడమనిషి. అరవై దాటిన తెల్లామె. రేవు ఏజెంటును వెంటబెట్టుకుని షాపులోకి వచ్చి, కుప్పలో ఉన్న లారీ కప్పు ఒకటి తీసి తిరగేసింది. అందరూ పైన చూస్తారు. ఆమె కుట్టు వెనకవైపు చూసింది, గోటితో గీకింది.

"ఇదెవరు కుట్టారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

ఖమరుద్దీన్ లేచి నిలబడి, ఒమాన్‌లో టార్పాలిన్ల చరిత్ర మొదటినుంచీ మొదలుపెట్టాడు. ఆమె ఆయన్ను దాటుకుని లోపలికి పోయి, పెద్దులు చేతులు చూసి, తల ఊపింది. బేరం అక్కడితో అయిపోయింది.

ఆమె వెనకాలే కెమెరా పట్టుకుని ఒక సన్నటి గడ్డపాయన వచ్చాడు. యాత్ర నడిపించేది ఆయన. డబ్బిచ్చి వచ్చే యాత్రికులను పోగుచేసేదీ, సినిమా తీసేదీ ఆయనే. మైనం డబ్బా వాసన చూడగానే ఆయన కళ్లు పెద్దవయ్యాయి. ఓడతోపాటు తెచ్చిన మెత్తటి మైనం పెట్టె పెద్దులుకు చూపిస్తే, "గిది ఈ ఎండకు ఆగది" అని పక్కకు నెట్టాడు. ఆ నెట్టడాన్ని గడ్డపాయన మూడుసార్లు చేయించి తీసుకున్నాడు. వేల ఏళ్ల కిందట సాంబ్రాణి మోసిన ఓడల దేశంలో, సాంబ్రాణితో కుట్టిన తెరచాపలు! సినిమాకు పేరు ఆ రోజే దొరికింది.

పెద్దులు పదహారు రోజులు రేవు షెడ్డులో కూర్చుని ఆరు తెరచాపలూ కుట్టాడు. ఆ మందపు గుడ్డ మెషిన్‌కు లొంగదు, అంతా చేత్తోనే. చివరిరోజు కెప్టెనమ్మ ఆయన్ను ఓడలో రమ్మంది. నాలుగు నెలలు, మంచు చూసి కేప్‌టౌన్‌కు తిరిగొచ్చేదాకా. ఓడ వంటమనిషి ఇస్రాయేలు కాకినాడ దగ్గర పల్లెకారుల ఊరివాడు. ఆమె మాట తెలుగులోకి తిప్పింది అతనే.

"మిమ్మల్ని కూడా వచ్చేయమంటున్నారండీ మాస్టారూ. కుట్టినోడే కూడా ఉంటే ధైర్యమంట."

"నా కుట్టుకు నేను కాపలెందుకు, తమ్మీ?"

"ఆయ్, అదే చెప్పానండి. అయినా రమ్మంటున్నారు."

షాపు యజమాని అర్బాబ్ సంతోషంగా సెలవిచ్చి పాస్‌పోర్టు చేతికిచ్చాడు. కాగితాల్లో పెద్దులుకు సరిపోయే ఉద్యోగం పేరు దొరక్క, గడ్డపాయన 'యాత్రికుడు' అని రాయించాడు. ఇంటికి ఫోన్ చేస్తే భార్య గౌరవ్వ అడిగింది, "అందరు సముద్రం దాటి ఇంటికొస్తరు. నువ్వు ఇంకింత అవతలికి వోతున్నవా?"

"పనే గదనే."

"గాడ ఎవలుంటరు?"

"ఎవలుండరట."

"మరి ఎవలకోసం కుడుతవ్?"



బయల్దేరే ముందు సలాలాలోని తెలుగువాళ్లు ఒక హాల్లో ఆయనకు శాలువా కప్పారు. ఖమరుద్దీన్ ముప్పావుగంట మాట్లాడాడు. ధ్రువప్రాంతపు తెల్ల ఎలుగుబంట్లు ఎంత క్రూరమైనవో, వాటి మధ్యకు మన పెద్దులు ఎలా దబ్బనంతో వెళ్తున్నాడో చెప్పాడు. ఆ ఎలుగుబంట్లు ఉండేది ఉత్తర ధ్రువంలోనని ఒక స్కూలు టీచరమ్మ మెల్లగా అంటే, "అమ్మా, వీరుడు ఏ దిక్కుకు పోతే ఎలుగుబంటి ఆ దిక్కుకే వస్తాది" అన్నాడు. చప్పట్లు మోగాయి. పెద్దులును మాట్లాడమన్నారు. ఆయన లేచి, చలిలో చేతికి దబ్బనం ఆగుతుందా, ఎవరికైనా తెలుసా అని అడిగి కూర్చున్నాడు. ఎవరికీ తెలియదు. అడగాల్సిన అసలు ప్రశ్న దారం గురించి. అది ఆయనకూ తోచలేదు.

కేప్‌టౌన్ దాకా కుట్లు రాయిలా నిలిచాయి. ఓడలో ఇరవై నలుగురు యాత్రికులు ఉన్నారు. వాళ్లలో రిటైరైన జడ్జి ఒకాయన, పళ్ల డాక్టర్ ఒకామె. అందరూ పొద్దున్నే లేచి డెక్కు కడుగుతారు, తాళ్లు లాగుతారు, వంతులవారీగా గిన్నెలు తోముతారు.

"పైసలిచ్చి మరీ గిన్నెలు తోముతున్నరా?" అని పెద్దులు నమ్మలేక అడిగాడు.

"ఆయ్. మనం తోమితే డ్యూటీ అండీ. ఆళ్లు తోమితే అనుభవం."

కేప్‌టౌన్ దాటి మూడో వారంలో చలి మొదలైంది. గాలికి ముక్కు చివర తిమ్మిరెక్కేది. ఒకనాటి మధ్యాహ్నం డెక్కు మీద కేకలు, పరుగులు. మొదటి మంచుకొండ. యాత్రికులంతా ఎడమవైపు కమ్మీ దగ్గరికి చేరారు. గడ్డపాయన పెద్దులును కూడా పైకి పిలిపించాడు, మంచు చూసి ఆశ్చర్యపోతున్న సాంబ్రాణి దర్జీ కావాలి ఆయనకు.

పెద్దులు పైకి వచ్చాడు. నీలం, తెలుపు కలిసిన కొండ, మసీదు మీనారంత ఎత్తు, నీళ్ల మీద తేలుతోంది. ఒక చూపు చూశాడు. తర్వాత అలవాటుగా తల తిప్పి, పక్కన దించి ఉన్న తెరచాప కుట్టు మీద వేలు పెట్టాడు. వేలికి పిండి అంటింది. తెల్లటి పొడి. సముద్రపు ఉప్పేమో అని నాలుకకు రాసుకున్నాడు. చేదు. సాంబ్రాణి.

కుట్టు వెంట కిందికి చూశాడు. ప్రతి కుట్టు కింద గుడ్డ మీద అదే పొడి, సన్నగా, ముగ్గులా. చలికి ఆ మైనం గాజులా బిరుసెక్కి, తెరచాప ఊగినప్పుడల్లా పగిలి రాలుతోంది. లోపల దారం ఒట్టిదైపోయి, తడిసి, అంచుకు రాసుకుని పీచు లేస్తోంది. దబ్బనం కొనతో ఒక కుట్టు కొద్దిగా ఎత్తాడు. టప్పున తెగింది.

ఆ రోజు తీసిన గుంపు ఫోటోలో ఇరవై నలుగురూ నవ్వుతూ ఉన్నారు, వెనక మంచుకొండ ఉంది. పెద్దులు వీపు ఉంది.

వంటగదిలో ఇస్రాయేలుకు తెగిన దారం చూపించాడు.

"ఆరు తెరచాపల్ల గిదే కథ. అన్ని కుట్లు ఊడుతయ్."

ఇస్రాయేలు ఉల్లిపాయలు తరుగుతూ తలుపు వైపు చూశాడు. "మెల్లగా అనండి మాస్టారూ. ఊడినప్పుడు గుడ్డ పాతదండీ, గాలి ఎక్కువండీ అంటే సరిపోద్ది. మిమ్మల్ని ఎవరంటారు? ఊరంతా శాలువా కప్పి పంపించారాయె."

"ఊడినప్పుడు కొయ్య మీద మనిషి ఉంటే?"

ఇస్రాయేలు కత్తి కింద పెట్టాడు.

"పద," అన్నాడు పెద్దులు. "కెప్టెనమ్మకు చెప్పాలె. నేనన్నది అన్నట్టే చెప్పు, మంచిగ జేసి చెప్పకు."

కెప్టెన్ గదిలో గడ్డపాయన కూడా ఉన్నాడు. పెద్దులు బల్ల మీద తెగిన దారం పెట్టాడు. తప్పు తనదేనని, ఓడ మైనం వద్దన్నది తానేనని, అది ఎండ దేశపు మందని, చలికి పనికిరాదని తనకు తట్టలేదని చెప్పాడు. ఇస్రాయేలు మధ్యలో ఏదో మెత్తబరచబోయాడేమో, కెప్టెనమ్మ అతన్ని ఆపి పెద్దులునే సూటిగా అడిగింది, చేత్తో సైగ చేస్తూ. ఎన్ని కుట్లు?

"ఆల్," అన్నాడు పెద్దులు. ఆ ఒక్క ఇంగ్లీషు ముక్కా బాగా వచ్చు.

గడ్డపాయన ఒప్పుకోలేదు. సినిమా పేరే అది. సలాలాలో తీసిందంతా ఏమవుతుంది? కుట్లు ఇంతకాలం ఆగాయి కదా, ఇంకో నెల ఆగవా? సాంబ్రాణి మూడు వేల ఏళ్లు ఆగింది కదా? కెప్టెనమ్మ గోడ మీది గాలి పీడనం గడియారాన్ని వేలితో తట్టింది. ముల్లు కిందికి జారింది. రేడియోలో చెప్పిన పెద్ద గాలి ఆరు రోజుల్లో వస్తుందని, ఆ లోపల ఎన్ని తెరచాపలైతే అన్ని కుట్టమని పెద్దులుకు చెప్పింది.

విప్పి కుట్టడం ఆయనకు కష్టం కాదు. దారానికి ఏం పట్టించాలన్నదే ప్రశ్న. తాను పక్కకు నెట్టిన మైనం పెట్టె సలాలా ఎండలో కరిగిపోతే, రేవులోనే పారేయించారు. తన దగ్గర మిగిలింది తేనెమైనం ముద్దలు కొన్ని. ఒట్టి తేనెమైనం కూడా ఈ చలికి బిరుసెక్కుతుంది, ఏదో ఒక కొవ్వు కలపాలి. వంటగదిలో ఉన్న నూనెలన్నీ తీసి, ఒక్కొక్క దారానికి ఒక్కొక్కటి కలిపిన మైనం పట్టించి, డెక్కు కమ్మీకి వరుసగా కట్టాడు. మర్నాడు పొద్దున వంచి చూశాడు. కొబ్బరినూనెది తీగలా నిలబడింది. నెయ్యిది అంతకన్నా నయం, కానీ వేలితో రాస్తే ఊడి వచ్చింది. ఇంజిన్ గ్రీజుది మెత్తగానే ఉంది, కానీ గుడ్డను తింటుందని ఆయనకు పాత అనుభవం.

దారాలు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతుంటే, పళ్ల డాక్టరమ్మ చలికి పగిలిన చేతులకు ఏదో పూసుకుంటోంది. పెద్దులు ఆగిపోయాడు. గొంగడి వాసన. తడిసిన గొంగడి, పొయ్యి పక్కన ఆరేసిన గొంగడి. వాళ్ల అవ్వ గొర్రెల బొచ్చు వడుకుతుంటే చేతులకు అంటుకునే జిడ్డు అది. ఆ జిడ్డు వల్లే గొంగడి వానకు తడవదని, పుష్యమాసపు చలికి కూడా బిరుసెక్కదని గొర్రెలు కాసే కురుమల ఇంట్లో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె చేతిలోని డబ్బా అడిగి తీసుకుని మళ్లీ వాసన చూశాడు. గొర్రె ఉన్ని కొవ్వే. అయిదువేల మైళ్లు వచ్చి, అందమైన డబ్బాలో.

ఆ సాయంత్రం ఇస్రాయేలు భోజనాల బల్ల దగ్గర నిలబడి, ఎవరి దగ్గర ఆ క్రీము ఎంత ఉందో అంతా ఇచ్చేయమని కెప్టెన్ ఆజ్ఞ చదివాడు. అంతదాకా తుఫాను అన్నా, మంచు అన్నా హుషారుగా ఉన్న యాత్రికుల మొహాలు అప్పుడు వాడిపోయాయి.

"అందరూ ఇచ్చారా?" అని పెద్దులు అడిగాడు.

"ఇచ్చారండి. జడ్జి గారు ఒకటి దిండు కింద దాచారు. చూశానండి, అదీ తెచ్చేశాను."

పదిహేడు డబ్బాలు. మైనంలో కలిపి కాసి, దారానికి పట్టించి చలిలో కడితే, మర్నాటికి దారం వానపాములా వంగింది.

అయిదు రోజులు రాత్రీ పగలూ ఓడ కింది గదిలో పని జరిగింది. యాత్రికులను పాత కుట్లు విప్పడానికి పెట్టాడు. కొందరికి దారం పేనే పని, మైనం పట్టించే పని. పగిలిన చేతులతో వాళ్లు తమ క్రీమును దారానికి పూస్తూ కూర్చున్నారు. జడ్జి గారికి కుట్టు కూడా నేర్చుకోవాలనిపించింది. మూరెడు కుట్టి చూపించాడు. పెద్దులు తిరగేసి వెనక చూసి, దబ్బనంతో మొత్తం లేపేశాడు.

"ఏమంటున్నారాయన?" అని జడ్జి ఇస్రాయేలును అడిగాడు.

"బాగుందంటున్నారండీ," అని ఇస్రాయేలు ఇంగ్లీషులో అన్నాడు, "మళ్లీ కుట్టమంటున్నారు."

బయట మంచుకొండలు పోతూనే ఉన్నాయి. తిమింగలాలు వచ్చాయని, ఒక మంచుపలక మీద పెంగ్విన్లు వరుసగా నిలబడ్డాయని పైనుంచి కబుర్లు వస్తున్నాయి. పెద్దులు తల ఎత్తలేదు. గాలి వచ్చేసరికి అయిదు తెరచాపలు అయ్యాయి. ఆరోది, వెనక కొయ్య మీది చిన్నది, మిగిలిపోయింది. దాన్నైనా సాంబ్రాణితోనే ఉంచమని గడ్డపాయన బతిమాలాడు. కెప్టెనమ్మ దాన్ని చుట్టి కట్టేయించింది.

గాలి నాలుగు రోజులు కొట్టింది. మొదటి మూడు రోజులూ పెద్దులు డెక్కు కింద పడుకోలేదు, తినలేదు. మెట్ల దగ్గర నిలబడి తెరచాపల చప్పుడు విన్నాడు. కుట్టు పోయేముందు చప్పుడు మారుతుంది, అది ఆయనకు తెలుసు. మారలేదు. నాలుగో రోజు గాలి కాస్త తగ్గాక గడ్డపాయన వెనక చిన్న తెరచాప విప్పించమన్నాడు, సినిమాకు ఒక్క దృశ్యం. కెప్టెనమ్మ మనుషులందరినీ ముందుకు పంపించి, దూరం నుంచే తాడు లాగి విప్పమంది.

"ఊడిపోతది," అన్నాడు పెద్దులు.

"ఆమెకు తెలుసండీ," అన్నాడు ఇస్రాయేలు. "ఆయన గారిక్కూడా తెలియాలంటున్నారు."

అది పదకొండు సెకన్లు నిలిచింది. తర్వాత నడిమి కుట్టు పైనుంచి కిందిదాకా విచ్చుకుని, రెండు ముక్కలై, తెల్లటి పొడి గాలిలోకి లేచింది. కెమెరాకు అంతా దొరికింది.

సినిమాలో ఇప్పుడు జనం చూసేది ఆ పదకొండు సెకన్లనే. 'తుఫానులో తెగిన సాంబ్రాణి తెరచాప' అని అది ఫోన్లలో తిరుగుతోంది. మిగతా అయిదింటి గురించి ఒక్క ముక్క లేదు. ఊడని కుట్టును ఎంతసేపు తీసినా అందులో ఏమీ జరగదు కదా.

కేప్‌టౌన్‌లో దిగేరోజు కెప్టెనమ్మ పనితనం గురించి ఒక కాగితం రాసిచ్చింది. చాలా మంచి పనివాడు, మళ్లీ ఎప్పుడైనా పనిలోకి తీసుకుంటాను అని. ఇస్రాయేలు చదివి వినిపించాడు.

"కుట్లు ఊడినయని లేదా?" అన్నాడు పెద్దులు.

"ఎవరైనా రాస్తారేంటండీ?"

"రాయమను. మొదలు కుట్టినయ్ చలికి చెడినయ్, తప్పు కుట్టినోనిది. మల్ల కుట్టినయ్ ఆగినయ్. రెండూ రాయమను."

ఆమె ఇంకో కాగితం తీసుకుని రెండూ రాసింది.

ఫిబ్రవరిలో పెద్దులు సలాలాకు వచ్చేసరికి ఖమరుద్దీన్ షాపులో టీవీ పెట్టించి ఆ వీడియో ఆడిస్తున్నాడు. కాగితం చదివి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏమన్నా ఇది పెద్దులన్నా! నీ తప్పు నువ్వే రాయించుకోని, సంతకం పెట్టించుకోని, ఇంతదూరం మోసుకొచ్చినావా? పైరెండు లైన్లు మడిచి ల్యామినేషన్ చేయిస్తా, ఎవురికీ కనపడదు."

"మడవకు."

"గోడకు ఎట్ల పెట్టేది?"

"పెట్టకు."

ఆ మాటకొస్తే వ్యాపారం పెరిగింది. వీడియో చూసినవాళ్లు వచ్చి ఆ తెగిన దారమే కావాలంటున్నారు. సలాలా ఎండకు అదే సరైన దారం కాబట్టి పెద్దులు అదే వేస్తున్నాడు. అయితే ఇప్పుడు షాపులో రెండు మైనం డబ్బాలున్నాయి. ఒకటి సాంబ్రాణిది, రెండోది గొర్రె ఉన్ని కొవ్వుది.

మొన్న ఒకాయన టెంటుకు కొలతలు ఇవ్వడానికి వచ్చాడు. పెద్దులు లోపలినుంచి లేచి కౌంటర్ దాకా వచ్చాడు. ఇరవై ఆరేళ్లలో ఎప్పుడూ అలా రాలేదు. టెంటు ఎక్కడ వేస్తావు, ఏ నెలలో, కొండ మీదనా కింద ఇసుకలోనా, చలి ఎక్కువుండే జబల్ అఖ్దర్ కొండ వైపు తీసుకుపోతావా, అక్కడ పొద్దున పూట నీళ్లు గడ్డకడతాయా అని ఒకదాని వెంట ఒకటి హిందీలో అడిగాడు.

"టెంటు కుట్టు భాయ్," అని ఆయన విసుక్కున్నాడు. "వాతావరణం నీకెందుకు?"

"చెప్తేనే కుడత."

ఆయన ఖమరుద్దీన్ వైపు చూశాడు. ఖమరుద్దీన్ రెండు చేతులూ పైకెత్తాడు.

"ఏం చేసేది సార్. బంగారంలాంటి మనిషి, నోరు ఇప్పేటోడు కాదు. ఆ మంచు సముద్రానికి పొయ్యొచ్చినాక ఇట్లా వసపిట్ట అయిపోయినాడు."